కొత్త విండోస్ 11 సిస్టమ్‌లో మాత్రమే షేర్ ఫోల్డర్ తెరుచుకోకపోతే

కావలిలోని మీ దుకాణంలో పాత సిస్టమ్‌లన్నీ మెయిన్ సిస్టమ్‌లోని లెక్కల ఫోల్డర్‌ను పాస్‌వర్డ్ లేకుండానే తెరుస్తున్నాయనీ, కొత్త విండోస్ 11 ప్రో (24హెచ్2 వెర్షన్) సిస్టమ్ మాత్రం సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయని చెబుతోందనీ, ఫైర్‌వాల్ ఆపి ఎస్‌ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేయమని ఒకరు సలహా ఇచ్చారనీ రాశారు. దయచేసి ఆ రెండు పనులూ చేయకండి. 2017 మేలో వనాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే.

ఆ సందేశం వచ్చిందంటే కొత్త సిస్టమ్ మెయిన్ సిస్టమ్ దాకా చేరిందన్నమాట. కేబుల్‌లోనో ఫైర్‌వాల్‌లోనో లోపముంటే నెట్‌వర్క్ పాత్ దొరకలేదనే ఎర్రర్ వచ్చేది. 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్ కూడా పేరూ పాస్‌వర్డూ లేని గెస్ట్ కనెక్షన్‌ను అంగీకరించదు. ఇది మంచి మార్పేనని నా అభిప్రాయం, ఎందుకంటే మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా ఇప్పుడున్న పద్ధతిలో మీ లెక్కలు తెరవగలరు.

మెయిన్ సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ యూజర్‌ను సృష్టించి, ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్, సెక్యూరిటీ ట్యాబ్‌లు రెండింటిలోనూ ఆ యూజర్‌కు మార్పులు చేసే అనుమతి ఇవ్వండి. రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. తర్వాత కొత్త సిస్టమ్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే చోటు) మెయిన్ సిస్టమ్ పేరుతో పాత నమోదు ఉంటే తీసేసి, కొత్త యూజర్ వివరాలను మీరే చేర్చండి. పాస్‌వర్డ్ అడిగే బాక్స్ దానంతటది రాకపోవచ్చు.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఇదే పని చేస్తున్నప్పుడు, అన్నీ సరిగ్గా ఉన్నా లాగిన్ కుదరలేదు. అక్కౌంటెంట్ గారు రోజూ తన సిస్టమ్ తెరిచే నాలుగంకెల పిన్‌నే ఆ బాక్స్‌లో కొడుతున్నారని పక్కన కూర్చుని చూస్తే గానీ తెలియలేదు. పిన్ ఆ ఒక్క సిస్టమ్‌కే పరిమితం, నెట్‌వర్క్ మీద పనిచేయదు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న యూజర్‌ను కూడా విండోస్ మామూలుగా నెట్‌వర్క్ మీద రానివ్వదు.

ఆ ఫోల్డర్‌ను ఒక డ్రైవ్‌లా కనిపించేలా మ్యాప్ చేసేటప్పుడు ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో సిస్టమ్‌కు ఉండే అంకెల చిరునామా) కాక సిస్టమ్ పేరే ఇవ్వండి, కరెంటు పోయి రూటర్ మళ్లీ ఆన్ అయినప్పుడు ఐపీ మారే అవకాశముంది. పాత సిస్టమ్‌ల క్రెడెన్షియల్ మేనేజర్‌లోనూ అదే యూజర్ వివరాలను చేర్చి, అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే మెయిన్ సిస్టమ్‌లో పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్ చేయండి. ముందే చేస్తే బిల్లింగ్ మధ్యలో అందరి సిస్టమ్‌లలోనూ ఫోల్డర్ తెరుచుకోవడం ఆగిపోతుంది.