అడవిలో కత్తికి పదును పెట్టేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి,

అరకు కొండల్లో వెదురు చీలుస్తుంటే కత్తి జారి నీ బొటనవేలు తెగిందని మీ అమ్మ చెప్పింది. కుట్లు పడలేదని విన్నాకే నా మనసు కుదుటపడింది. కత్తి మరీ పదునుగా ఉండబట్టే తెగిందని అంటున్నావట. కాదు బాబూ, మొద్దుబారడం వల్ల తెగింది. పదును లేని కత్తిని బలమంతా పెట్టి నొక్కుతాం. అలా నొక్కింది జారితే ఇక ఆపలేం.

మీ అమ్మ చేతికి ఒక చిన్న సానరాయి ఇచ్చి పంపాను. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒకవైపు గరుకు, మరోవైపు నునుపు. దీంతోపాటు నీ తోలు బెల్టు, సీసాలో నీళ్లు ఉంటే చాలు.

అడవిలో బల్ల ఉండదు కదా. తడిగుడ్డను దుంగ మీద పరిచి, దానిపై రాయి కదలకుండా పెట్టు. రాయిని చేత్తోనే పట్టుకోవాల్సి వస్తే వేళ్లు దాని పైఅంచు దాటి రాకూడదు. కత్తిని రాయి మీద నిటారుగా నిలబెట్టు, అది 90 డిగ్రీలు. సగం వంచితే 45, మళ్లీ సగం వంచితే సుమారు 22. అక్కడ పట్టుకో. వెదురు, కట్టెలు కొట్టే కత్తికి ఆ వాలు సరిపోతుంది. చివరిదాకా ఆ వాలు మారకూడదు. కొత్తలో అంచు మీద మార్కర్ పెన్నుతో గీసుకుని నూరు. రంగు ఎక్కడ పోయిందో, ఎక్కడ మిగిలిందో చూస్తే నీ చేయి ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది.

అందరూ తొందరపడేది దీని తర్వాతే. గరుకు వైపు ఒకే పక్క నూరుతూ పోతే, అవతలి పక్క అంచున కంటికి ఆనని ఇనుప పొర లేస్తుంది. ఆ అవతలి పక్కన బొటనవేలిని కత్తి వెన్ను (పదును లేని వీపు) నుంచి అంచు వైపు, బయటికి మాత్రమే, మెల్లగా జార్చి చూడు. చర్మానికి సన్నగా తగులుతుంది. పిడి దగ్గర నుంచి మొన వరకు అలా తగిలేదాకా రెండో పక్కకు తిప్పవద్దు. పది సార్లు ఇటు, పది సార్లు అటు అని లెక్కపెట్టి నూరేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల కత్తి మధ్యలో తెగుతుంది, మొన దగ్గర తెగదు. రెండో పక్క కూడా పొర లేచాక నునుపు వైపుకు మారి, ఒక్కోసారి ఒక్కో పక్క, నొక్కుడు తగ్గిస్తూ నూరు. చివర్లో కత్తి బరువు తప్ప నీ బరువు పడకూడదు. ఆపైన బెల్టు లోపలి వైపు, వెన్ను ముందు నడిచేలా, నాలుగైదు సార్లు లాగు.

అంచును ఎండకు ఎదురుగా పట్టి చూడు. మొద్దుగా ఉన్నచోట తెల్లటి గీత మెరుస్తుంది, పదునున్నచోట ఏమీ కనిపించదు.

రాయి మరిచిపోతే, పింగాణీ కప్పు అడుగున మెరుపు పూత లేని వలయం ఉంటుంది, దాని మీద నూరుకోవచ్చు. నీళ్లు చల్లకుండా కరెంటు చక్రం మీద మాత్రం పెట్టించకు. అంచు నీలిరంగుకు తిరిగిందంటే వేడికి ఉక్కు మెత్తబడినట్టే, అక్కడ పదును నిలవదు.

నీ కత్తి మొన దగ్గర పెచ్చు ఊడిందట. అది తీయడానికి చాలాసేపు పడుతుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం అరుగు మీద కూర్చుని చేద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య