ఫుటీలో ఈ గుంపు తగ్గదా?

ప్రశ్న: మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు ఫుటీ, అంటే ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్, చూపిస్తానని అక్కడి పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. గ్రౌండ్ చూస్తే అంత పెద్దది, ఆటగాళ్లేమో బెల్లానికి ఈగలు ముసిరినట్టు బంతి చుట్టూనే! దీన్ని ఆపే రూల్స్ లేవా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎందుకు లేవండీ, మారుస్తూనే ఉన్నారు. ఈ ఆటలో ఆఫ్‌సైడ్ (సాకర్‌లోలా బంతి కంటే ముందుకెళ్లి కాచుకోకూడదనే రూల్) లేదు, జట్టుకు 18 మంది, ఎవరు ఎక్కడికైనా పోవచ్చు, పైగా అలిసినవాణ్ని బయటికి పిలిచి ఇంకొకణ్ని దింపుతూ పోతే బంతి వెనక పరిగెత్తే ఓపిక అందరికీ చివరిదాకా ఉంటుంది. అందుకే ఆ మార్పులకు పరిమితి పెట్టారు. 2014లో మ్యాచ్‌కి జట్టుకు 120, 2016లో 90, 2021లో 75. కాళ్లు లాగితే ఖాళీలు వాటంతటవే వస్తాయని ఆశ. కానీ కోచ్‌లు ఊరుకుంటారా, మరింత దమ్మున్నవాళ్లను వెతుక్కుంటారు.

2019లో 6-6-6 వచ్చింది. క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) మొదట్లో, గోల్ పడ్డాక, బంతిని మధ్యలోంచి ఆటలోకి వేసేటప్పుడు ప్రతి జట్టూ రెండు చివర్లా గోల్‌కి 50 మీటర్ల దూరంలో ఉండే గీత లోపల ఆరుగురేసి, మధ్యలో ఆరుగురు ఉండేలా నిలబడాలి. బాగానే ఉంది, కానీ బంతి గాల్లోకి లేచాక ఎవరి దారి వాళ్లదే, కాసేపటికి మళ్లీ అదే గుంపు.

నాకు నచ్చింది 2021 నాటి 'స్టాండ్' రూల్. బంతి పట్టి కిక్ కొట్టబోయేవాడికి ఎదురుగా మార్క్ (బంతి పట్టిన చోటు) మీద నిలబడ్డ ప్రత్యర్థి, అంపైర్ 'స్టాండ్' అన్నాక పక్కకి జరిగాడా, 50 మీటర్ల పెనాల్టీ, అంటే కొట్టేవాణ్ని గోల్ వైపు అంత ముందుకు జరుపుతారు. దాంతో కొట్టేవాడు అటో ఇటో కోణం మార్చి వెంటనే బంతిని ముందుకు పంపేస్తాడు, గుంపు చేరడానికి టైమే దొరకదు. మొదట్లో అభిమానులు దీన్ని తెగ తిట్టుకున్నారులెండి.

ప్రశ్న: ఆటగాళ్లనే తగ్గించేస్తే పోదా?
– అదే పాఠకుడు

జవాబు: సూటైన మందు అదే. ఆడవాళ్ల లీగ్ ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో గ్రౌండ్‌లో 16 మందే. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో పాత లీగ్ వీఎఫ్ఏ కూడా 1959 నుంచి మూడు దశాబ్దాలకు పైగా 16 మందితోనే ఆడించింది. మగవాళ్ల ఏఎఫ్ఎల్ మాత్రం చిన్న చిన్న రూల్స్ ఎన్నైనా మారుస్తుంది గానీ ఆ 18 జోలికి పోదు.