గోడౌన్‌లో సరుకు తగ్గింది, ఎలా అడగాలి?

ప్రశ్న: మందుల పంపిణీ సంస్థలో హెచ్ఆర్ చూస్తున్నాను. గోడౌన్‌లో మూడు పెట్టెల సరుకు తేడా వచ్చింది. "ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టి నాలుగు గదమాయించు, వాడే కక్కుతాడు" అంటున్నారు మేనేజరు. వేరే దారి లేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉంది. గదమాయిస్తే ఒప్పుకోలు రావచ్చు, కానీ అది నిజమో కాదో తేల్చుకోవడం కష్టమవుతుంది. బ్రిటన్‌లో గిల్డ్‌ఫోర్డ్ ఫోర్, బర్మింగ్‌హామ్ సిక్స్ అనే బాంబు పేలుళ్ల కేసుల్లో ఒత్తిడి పెట్టి రాబట్టిన ఒప్పుకోళ్లతో ఏళ్ల తరబడి జైల్లో మగ్గినవాళ్లు 1989, 1991ల్లో విడుదలయ్యారు. ఆ తర్వాతే, 1992లో, అక్కడి పోలీసులకు 'పీస్' అనే ప్రశ్నించే పద్ధతి వచ్చింది. అందులో కావలసింది ఒప్పుకోలు కాదు, పూర్తి వివరం.

సగం పని గదిలోకి వెళ్లకముందే ఉంటుంది. స్టాకు రిజిస్టరు, గేట్ పాసులు, డ్యూటీ చార్టు, సీసీ ఫుటేజీ చూసుకోండి. దొంగతనం కాక ఇంకేం జరిగి ఉండొచ్చో రాసుకోండి: సప్లయరే తక్కువ పంపడం, బిల్లు లేకుండా సరుకు వెళ్లిపోవడం, రాని రిటర్న్‌ను వచ్చినట్టు ఎక్కించడం. మేనేజరు ముందే తీర్పు చెప్పేశారు కాబట్టి ఆయన్ను గదిలోకి రానివ్వకండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. తలుపు వైపు కుర్చీ ఆ కుర్రాడికివ్వండి, గడియ పెట్టొద్దు.

ఆ వారం డ్యూటీలో ఉన్న అందర్నీ పిలవండి, ఆ సంగతి అతనికీ చెప్పండి. "మీరు" అనే మాట్లాడండి. మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: "మంగళవారం డ్యూటీ ఎక్కినప్పటి నుంచి తాళాలు అప్పగించేదాకా ఏమేం జరిగిందో చెప్పండి." ఆపితే ఆగనివ్వండి. పదిసెకన్ల మౌనాన్ని మనవాళ్లు భరించలేరు, ఏదో ఒకటి అందిస్తారు. అక్కడే చెడుతుంది.

"ఆ మూడు పెట్టెలు ఆటోలో వేసింది నువ్వేగా?" అన్నారనుకోండి. మూడు, పెట్టెలు, ఆటో: అన్నీ మీరే చెప్పేశారు. రేపు అతని ఒప్పుకోలులో అవే వివరాలు కనిపిస్తే, అతనికి ముందే తెలుసా, మీ నోటినుంచి విన్నాడా? చెప్పలేరు.

ఫుటేజీ చివర్లోనే చూపాలి. ముందే చూపితే తప్పు చేసినవాడు దానికి తగ్గట్టు కథ అల్లుకుంటాడు. అతను చెప్పిందంతా రాసుకున్నాక, "గేట్ పాసులో 6.40 అని ఉంది, మీరు అయిదింటికి వెళ్లానన్నారు, ఎలా?" అని ఒక్కొక్కటే ముందు పెట్టండి. లేని ఫుటేజీ ఉందని మాత్రం ఎన్నడూ అనొద్దు.

ప్రశ్న: అడుగుతుంటే చూపు తప్పించడం, చెమటలు పట్టడం అబద్ధానికి గుర్తులేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కావు. ఉద్యోగం పోతుందన్న భయానికీ చెమటే పడుతుంది. బాండ్, డిపాలో అనే పరిశోధకులు 2006లో పాత ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, అబద్ధమో నిజమో జనం సరిగ్గా చెప్పింది సగటున 54 శాతమే. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది.

ప్రశ్న: "రాసిచ్చేయ్, పోలీసుల దాకా వెళ్లం" అని ఒక ఉద్యోగితో తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయించుకున్నాం. దాంతో ఉద్యోగంలోంచి తీసేయొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ ఒక్క కాగితంతో తీసేయకండి. అధికారంలో ఉన్నవాళ్లు ఆశ చూపో బెదిరించో రాబట్టిన ఒప్పుకోలు క్రిమినల్ కేసులో చెల్లదని భారతీయ సాక్ష్య అధినియం 22వ సెక్షన్ చెబుతోంది. శాఖాపరంగానైతే ఛార్జిషీటు ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం అతనికిచ్చి విచారణ జరపాల్సిందే. ఇకమీదట వాంగ్మూలం అతని మాటల్లోనే రాయండి, చదివి వినిపించండి, కొట్టివేతల దగ్గర కూడా సంతకం పెట్టించండి, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ వేసి ఒక కాపీ అతనికివ్వండి.