చెట్టు బొమ్మకు రంగులేస్తే పిల్లలు నిజంగా కుదురుగా కూర్చుంటారా?

మీ పాపకు ఏడేళ్లనీ, మండలా షీట్లు (గుండ్రంగా, వరసలుగా అల్లిన డిజైన్లలో రంగులు నింపే కాగితాలు) ప్రింట్ తీసిస్తే సగంలో విసిరికొడుతోందనీ రాశారు. చెట్ల బొమ్మలిచ్చి, వాటి అర్థాలు చెప్తూ రంగులేయిస్తే మనసు నిలుస్తుందని ఎవరో అన్నారట, నిజమేనా అని అడిగారు. నేను బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారం పూట తెలుగు చెప్తూ, చివర్లో బొమ్మలు వేయిస్తుంటాను. నా అనుభవంలో పనిచేస్తుంది. కాకపోతే ముందు చెట్టు, తర్వాత కాగితం, అర్థాలు అన్నిటికంటే ఆఖరున.

పాప షీటు విసిరేయడంలో పాప తప్పేమీ లేదు. నెట్‌లో దొరికే మండలాలు చాలా వరకు పెద్దవాళ్ల కోసం గీసినవి. అంత సన్నటి గళ్లలో ఏడేళ్ల చెయ్యి గీత దాటక తప్పదు, దాటగానే టెన్షన్ మొదలు. పైగా మండలాకే ఏదో మహిమ ఉందనుకోనక్కర్లేదు. 2005లో కర్రీ, కాసర్ అనే అమెరికా పరిశోధకులు 84 మంది కాలేజీ విద్యార్థులకు ముందు కాస్త ఆందోళన పుట్టించి, కొందరికి మండలా, కొందరికి గళ్ల డిజైన్, మిగతావాళ్లకు తెల్లకాగితం ఇచ్చారు. మండలా వేసినవాళ్లకూ, గళ్లు నింపినవాళ్లకూ ఆందోళన ఒకేలా తగ్గింది, తెల్లకాగితం వాళ్లకు అంతగా తగ్గలేదు. అది పిల్లల మీద చేసింది కాదు. అయినా ఒక వరసలో మళ్లీ మళ్లీ వచ్చే అల్లిక ఏదైనా సరిపోతుందని నాకు అనిపించింది. చుక్కల ముగ్గు వేసే చేతులకు ఇది కొత్త సంగతేం కాదు.

ఇక చెట్టు. మీరు బెంగళూరులోనే ఉంటున్నారు కాబట్టి మీకు పని సులువు. పాత పేటల్లో ఎక్కడో ఒకచోట అశ్వత్థ కట్టె, అంటే రావిచెట్టు చుట్టూ కట్టిన అరుగు, కనిపిస్తుంది. రాతి అరుగు మీద రావీ వేపా పక్కపక్కన, కింద నాగశిలలు. రెండు చెట్లకూ పెళ్లి చేసే ఆచారం ఉందని చెప్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు. పెళ్లికి ఎవరొచ్చారు, భోజనాల్లో ఏం పెట్టారు అని అడుగుతారు కూడా. నాగశిల మీద పెనవేసుకున్న రెండు పాముల్ని వేలితో వెంట పోనివ్వండి. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, మళ్లీ తారుమారు. అదే వాళ్ల మొదటి డిజైన్ పాఠం. రాలిన రావాకు ఒకటి ఇంటికి తెచ్చుకోండి. కాడ పొడవుగా, పలచగా ఉంటుంది కాబట్టే చిన్న గాలికి కూడా రావాకు గలగలమంటుంది. కాడ పట్టుకుని ఊదితే వాళ్లకే తెలుస్తుంది.

ఒక ఆదివారం వీలు చూసుకుని మైసూరు రోడ్డు వైపు దొడ్డ ఆలద మరకు తీసుకెళ్లండి. దాదాపు 3 ఎకరాల్లో పరుచుకున్న మర్రి, వయసు 400 ఏళ్లంటారు. దాని అసలు మాను తెగులు పట్టి ఎప్పుడో పోయింది. ఊడలే నేలలో దిగి, మానులై, చెట్టును నిలబెడుతున్నాయి. మా పిల్లల్లో ఒకమ్మాయి అక్కడ ‘మరి అమ్మ చెట్టేది?’ అని అడిగింది. పోయిందని చెప్పాం. ఇంటికొచ్చాక మధ్యలో ఖాళీ వదిలేసి, చుట్టూ ఊడలు గీసి, ఒక్కో ఊడను ఒక్కో రకంగా నింపింది: ఒకదానికి చుక్కలు, ఒకదానికి చేప పొలుసులు, ఇంకోదానికి జడ అల్లిక. ఖాళీకి రంగు వెయ్యవా అంటే తల అడ్డంగా ఊపింది. మర్రి అంటే వంశం నిలవడం, పదిమందికి నీడనివ్వడం అని మనం ముందే వల్లె వేయించి ఉంటే ఆ బొమ్మ వచ్చేది కాదు. అందుకే అర్థాలు ఆఖరున చెప్పమంటున్నా. అవి కూడా ఏదైనా సందర్భం దొరికినప్పుడు చెప్తే చాలు. దసరాకు జమ్మి ఆకు చేతికిచ్చి పాండవులు ఆయుధాలు దాచిన కథ, కార్తీకంలో ఉసిరి కింద వనభోజనం, ఉగాదికి వేపపువ్వు. ఇవన్నీ ఒకే పూటలో చెప్పారంటే అది జనరల్ నాలెడ్జ్ క్లాసైపోతుంది.

ఆకు పచ్చగా, మాను గోధుమ రంగులో ఉండాలని స్కూల్లో నూరిపోసి ఉంటారు. అది వదిలించడానికి నేను కలంకారీ కల్పవృక్షం చూపిస్తాను. ఒకే చెట్టుకు పది రకాల పూలు, కొమ్మల్లో నెమళ్లు. అలాంటి జీవవృక్షం బట్టలు 17, 18 శతాబ్దాల్లో మన కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కు ఓడల్లో వెళ్లాయి. ఇంట్లో కలంకారీ దుప్పటో చీరో ఉంటే పరిచి చూపించండి. అన్నట్టు, లేపాక్షికి మీరు ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. అక్కడి లతామండపం స్తంభాల మీద చీర అంచుల్లో వాడే డిజైన్లు వరసగా దొరుకుతాయి.

వేయించేటప్పుడు చెట్టు ఆకారం మీరే పెద్దగా, తక్కువ గీతలతో గీసివ్వండి. మాను నాలుగైదు ముక్కలు, ఆకులు అరచేతిలో సగమంత. ఒక్కో ముక్కలో ఏ డిజైన్ నింపాలో పాప ఇష్టం. ‘గట్టిగా ఊపిరి పీల్చు, ప్రశాంతంగా ఉండు’ అని పక్కన కూర్చుని చెప్పొద్దు, అది విన్న పిల్లలు ఇంకా మెలికలు తిరుగుతారు. ముఖం కన్నా పెన్సిల్ చూడండి. మొదట్లో ములుకు విరిగేలా నొక్కుతారు, కాగితం వెనక గాడి పడుతుంది. అల్లిక కుదిరాక పట్టు దానంతటదే వదులవుతుంది, మాటలు తగ్గుతాయి. కొన్నిసార్లు అది జరగదు, సగంలో లేచి ఆడుకోవడానికి పోతారు. పోనివ్వండి, మర్నాడు అదే బొమ్మ మళ్లీ తీస్తారు. బాగుందా అని అడిగితే మార్కులు వేసే ధోరణిలో కాకుండా, ‘ఈ కొమ్మకు అలలు ఎందుకు వేశావు?’ అనండి చాలు.

స్కెచ్ పెన్నులు మామూలు ప్రింటర్ కాగితం మీద అవతలికి ఊరతాయి, అందుకని డ్రాయింగ్ షీటు కొనండి. పన్నెండు కలర్ పెన్సిళ్ల డబ్బా సరిపోతుంది. పక్కన ఒక షార్ప్‌నర్ ఉంచండి, మొద్దుబారిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టడం ఏ పిల్లకైనా చిరాకే.