రెండు గుంతల మరుగుదొడ్డి ఎరువు మొక్కలకు వేయొచ్చా?

ఒక గుంత నిండితే దాన్ని మూసి రెండోది వాడే మరుగుదొడ్డి కదా మీది, మొదటి గుంత మూసి ఏడాది దాటిందన్నారు కాబట్టి వేయొచ్చండి. ఊళ్లో మా ఇంటికీ అదే రకం, సిమెంటు రింగులు దించి కట్టించాం. తవ్వే రోజు ఇంటిల్లిపాదీ ముక్కుకు గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడ్డారు. మూత తీస్తే వాసనే లేదు. టీ పొడిలా నల్లగా, పొడిపొడిగా ఉంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ వైపు గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర పారిశుద్ధ్య కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఎత్తిపోసింది ఈ ఎరువునే.

ఒక్కటి చూసుకోండి. ఏడాది లెక్క గుంత మూసిన రోజు నుంచి. మలాన్ని ఏదో ఒక గుంతలోకి మళ్లించే చాంబర్లో, మూసిన గుంత వైపు దారి గట్టిగా మూసి ఉండాలి, సందులోంచి నీళ్లు పోతుంటే లెక్క మళ్లీ మొదటికే. ఏలికపాముల గుడ్లు అంత తొందరగా చావవు. పార వేస్తే జిగటగా తగిలిందా, మూత పెట్టేసి ఇంకొన్నాళ్లు ఆగండి. మేము అరటి, కొబ్బరి, మల్లె పాదుల్లో వేసి పైన మట్టి కప్పాం. కొత్తిమీర, ముల్లంగి లాంటి పచ్చిగా తినేవాటికి వద్దు.

అయితే యూరియా వేసినట్టు ఆకు పచ్చబడుతుందని ఆశపడకండి. మన ఒంట్లోంచి పోయే నత్రజనిలో ఎక్కువ పాలు మూత్రంలోనే ఉంటుంది, అది ఈ గుంతల్లోంచి నీళ్లతో పాటు నేలలోకి ఇంకిపోతుంది. (బావికి, బోరుకు గుంత దూరంగా ఉండాలనేది అందుకే.) మిగిలేది సేంద్రియ పదార్థం, కొంత భాస్వరం. మా పాదుల్లో మన్ను గుల్లబారింది గానీ, అరటి ఆకు రంగు తిరిగింది మూత్రం పోయడం మొదలుపెట్టాకే. మూత బిగుతుగా ఉన్న క్యాన్‌లో పట్టి, ఒకటికి పది వంతుల నీళ్లు కలిపి, ఆకు మీద పడకుండా మొదట్లో పోస్తాం. మూత వదులైతే అమ్మోనియా ఎగిరిపోతుంది, కంపూ మిగులుతుంది, బలమూ పోతుంది. ఆవు మూత్రంతో జీవామృతం కలిపే మా అత్తయ్యే దీనికి మొహం చిట్లించింది, అది వేరే కథ.

ఇంట్లోవాళ్ల మూత్రం ఇంటి వరకే వాడుకుంటే, పోసిన నెల దాకా కోత కోయకపోతే చాలు. నాలుగిళ్లది పోగేసి ఏ పంటకైనా వాడాలంటే మాత్రం 20 డిగ్రీల వేడిలో ఆరు నెలలు నిల్వ ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పింది.

ఇదంతా సెప్టిక్ ట్యాంకుకు వర్తించదు. అందులోది పచ్చి మలమే. ట్యాంకర్ వాళ్లు ఉచితంగా పొలంలో పోస్తామన్నా ఒప్పుకోకండి.