ఏఎఫ్‌ఎల్ జట్లు సీనియర్ బ్యాకప్ ఆటగాణ్ణి ఎందుకు ఉంచుకుంటాయి?

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్) జట్లలో సీనియర్ బ్యాకప్ చోటు ఓ కుర్రాడికి ఇవ్వచ్చు కదా అని అడిగారు. మామూలు వారాల్లో మీ మాట నిజమే. సీనియర్ ఎక్కువగా రిజర్వ్ జట్టుకే ఆడతాడు, జీతం మాత్రం సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు ఉండే పరిమితి) లోంచే పోతుంది. సెప్టెంబరు ఫైనల్స్‌లో లెక్క మారుతుంది. 2023లో కాలింగ్‌వుడ్ ఆటగాడు డాన్ మెక్‌స్టేకి ప్రిలిమినరీ ఫైనల్లో మోకాలు దెబ్బతింది. ఆపైన గ్రాండ్ ఫైనల్! అతని చోట బిల్లీ ఫ్రాంప్టన్ దిగాడు. ఫ్రాంప్టన్ అసలు పని గోల్స్ కొట్టడం కాదు, ప్రత్యర్థి బ్రిస్బేన్ డిఫెండర్ హారిస్ ఆండ్రూస్‌ను స్వేచ్ఛగా ఆడనివ్వకపోవడం. స్కోరుబోర్డు మీద కనబడని చాకిరీ అది. కాలింగ్‌వుడ్ 4 పాయింట్ల తేడాతో గెలిచింది. రక్‌మన్ (అంపైర్ బంతిని పైకి వేసినప్పుడు ఎగిరి తట్టే పొడుగు ఆటగాడు) స్థానానికైతే అనుభవమున్న బ్యాకప్ తప్పనిసరి అంటాను. రెండు మీటర్ల కుర్రాడికి ఒళ్ళు గట్టిపడటానికే కొన్నేళ్ళు పడుతుంది.