పత్తి పెట్టే ముందు పెంట సంగతి

చిన్నోడా,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా మనసులోనే తిరిగింది. "పెద్దమ్మా, పశువుల పెంట తోలించే డబ్బులతో ఇంకో నాలుగు బస్తాల యూరియా తెచ్చుకుంటే సరిపోదా?" అన్నావు. సరిపోదు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాసి పంపుతున్నా.

మన చండూరు దిక్కు చెల్కలు నీకు కొత్త కాదు. ఎర్రమట్టి, కింద గరుసు. వాన పడి రెండు రోజులు ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. అలాంటి నేలలో యూరియా ఒక్కటే వేస్తే, వాన గట్టిగా కొడితే కిందికి జారిపోతుంది, పైనే ఉండిపోతే గాలిలో కలుస్తుంది. మాగిన పెంట పడ్డ మట్టి తేమను, యూరియా లాంటి మందును రెండింటినీ పట్టి ఉంచుతుంది. వర్షం పది రోజులు ముఖం చాటేసినప్పుడు ఏ చేను నిలబడిందో చూస్తే తేడా నీకే తెలుస్తుంది.

మందుల షాపులో ఒక లెక్క చెబుతారు. టన్ను పెంటలో నత్రజని సుమారు 5 కిలోలే, 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోలు, నాలుగు టన్నులు తోలినా ఒక్క బస్తాకు సమానం అని. లెక్క నిజమే. కానీ పెంటలో భాస్వరం, పొటాష్, జింకు కూడా ఉంటాయి, అవన్నీ మెల్లగా దిగుతాయి. ఈ ఏడు వేసింది వచ్చే ఏడు పైరుకూ కొంత అందుతుంది. అలాగని పెంట ఒక్కదానితోనే పత్తి కాస్తుందని కూడా అనుకోకు. మొక్క ఏపుగా పెరిగే రోజుల్లో దానికి కావాల్సినంత నత్రజని పెంట అప్పటికప్పుడు ఇవ్వలేదు. రెండూ కావాలి.

ముందు కుప్ప చూసుకో. మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టు. వేడి తగిలితే అది ఇంకా మాగలేదు. పిడికెడు తీసి నలిపితే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు, గడ్డి పోచ పోచగా కనిపించకూడదు. తెల్లగా బొద్దుగా ముడుచుకున్న పురుగులుంటే ఏరి కోళ్లకు వెయ్యి, లేకపోతే చేనుకు పోయి వేర్లు కొరుకుతాయి. పచ్చి పెంట తోలితే చెదలు, కలుపు వెంటబెట్టుకుని వస్తాయి. పైగా అది కుళ్లడానికి మట్టిలో ఉన్న నత్రజనినే వాడుకుంటుంది కాబట్టి లేత మొక్క పసుపెక్కుతుంది. తోలిన పెంటను చిన్న చిన్న కుప్పలుగా ఎండకు వదిలెయ్యొద్దు. చల్లిన రోజే దున్నించు.

మందు ఎక్కువైతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. మీ పెద్దనాయన ఉన్నప్పుడు బోరు కింద ఎకరం సాంబమసూరి నాటాం. పక్క మడి ముదురు పచ్చగా ఉందని, పొట్ట దశలో ఇంకో బస్తా యూరియా చల్లాం. వారంలో చేను కమ్ముకొచ్చింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కంకి బయటపడ్డాక, మంచు కురిసే రోజుల్లో మెడ దగ్గర నల్లమచ్చ పడి కంకులు తెల్లబోయి వాలిపోయాయి. ఒక కంకి తెంపి అరచేతిలో నలిపి ఊదాను. పొట్టంతా ఎగిరిపోయి రెండో మూడో గింజలు మిగిలాయి. ఆకు పచ్చదనాన్ని చూసి దిగుబడి అనుకోవద్దని ఆ రోజు అర్థమైంది.

పత్తికి ఎకరానికి ఒక బస్తా డీఏపీ, అంటే భాస్వరం ఎక్కువుండే మందు, విత్తేటప్పుడే అడుగున వెయ్యి. భాస్వరం మట్టిలో కదలదు, తర్వాత పైన చల్లితే వేరుకు అందదు. ఆ తర్వాత 20, 40, 60, 80 రోజులకు 25 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ చొప్పున. మొక్కకు బెత్తెడు దూరంలో గుంత చేసి వేసి మట్టి కప్పాలి, అదీ నేలలో తడి పదునున్నప్పుడే. కూలీ దొరకలేదని పైపైన విసిరేసి రావొద్దు బిడ్డా, సగం దండగవుతుంది. ఎక్కువ వేస్తే కొమ్మలు సాగుతాయి గానీ కాయ నిలవదు, లేత ఆకులకు పచ్చదోమ ఎగబడుతుంది. కాయ పట్టే కాలంలో ఈనెలు పచ్చగానే ఉండి ఆకు ఎర్రబడితే యూరియాకు ఉరకకు. అది మెగ్నీషియం లోపం కావచ్చు. మెగ్నీషియం సల్ఫేట్ లీటరు నీళ్లకు 10 గ్రాములు కలిపి కొట్టిస్తే తేరుకుంటుంది.

వరి మడికి యూరియా చల్లేముందు నీళ్లు తీసెయ్యి, బురద పదునులో చల్లి రెండు రోజులకు మళ్లీ పెట్టు. జింక్ సల్ఫేట్‌ను డీఏపీతో కలపకు.

ఇవన్నీ మామూలు లెక్కలు. నీ చేనుకు ఎంత కావాలో మట్టి పరీక్షే చెప్పాలి, అది పెంట తోలకముందే అయిపోవాలి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు గుంత తీసి, అంచు వెంబడి మట్టి గీకి, కలిపి, అర కిలో సంచిలో కట్టు. గట్ల పక్కన, చెట్ల కింద, పాత పెంటకుప్ప ఉన్న జాగాలో తీయొద్దు.

రోహిణి కార్తె ముంగిట్లోనే ఉంది. ఎరువు కోసం గొర్ల మంద పెట్టించే మాట కాపరులతో మాట్లాడాను, నీ చెల్కలో మూడు రాత్రులు ఉంచుతామన్నారు. మంద లేచిన పొద్దుకు అరక సిద్ధంగా ఉండాలి. అంతకుముందే ఆదివారం రా, ఇద్దరం పోయి మట్టి తీద్దాం. పార, గంప ఇక్కడే ఉన్నాయి.

మీ పెద్దమ్మ